బుజ్జిది అంత పొట్టిగా ఎందుకుంది?

మా అక్క కూతురు మూడో తరగతి. ఇంట్లో అందరం బుజ్జి అంటాం. మొన్న ఓ పది రోజులు వర్క్ ఫ్రమ్ హోమ్ తీసుకుని విజయవాడ వాళ్లింటికి వెళ్లా. ఓ సాయంత్రం స్కూల్ నుంచి వచ్చి, బ్యాగ్ కూడా తియ్యకుండా సోఫా వెనక దాక్కుంది. ఒకటే ఏడుపు. అక్క తన ఫోన్ నా చేతిలో పెట్టి "నువ్వే చూడరా" అంది. స్కూల్ యాప్‌లో యూనిట్ టెస్ట్ మార్కులొచ్చాయి, బార్ గ్రాఫ్ రూపంలో. లెక్కల్లో క్లాస్ సగటు అని నీలం బార్ నిలువెత్తున ఉంది. పక్కనే బుజ్జిది ఎర్ర బార్, అందులో మూడో వంతు.

"అందరికంటే నేనే పొట్టి మామయ్యా" అంది వెక్కుతూ.

నా ఉద్యోగమే ఇది. ఐదేళ్లుగా క్లయింట్లకి డాష్‌బోర్డులు చేస్తున్నా. కాబట్టి బార్లు వదిలేసి ముందు పక్కనున్న అంకెలు చూశా. నిలువు గీత 34 దగ్గర మొదలైంది! బుజ్జికి 50కి 36. క్లాస్ సగటు 40. తేడా నాలుగంటే నాలుగు మార్కులు. బొమ్మలో మాత్రం మూడు రెట్లు.

అదే చెప్పా. ఎక్కలేదు. 36, 40 దానికి బాగానే తెలుసు, కానీ కళ్లు నమ్మేది బార్‌నే. మనమూ అంతేగా.

సరే, మొదటి నుంచి మొదలుపెడదామని కిరాణా కొట్టు నుంచి రెండు కట్టలు అగ్గిపెట్టెలు తెచ్చా. ఆదివారం టిఫిన్ దగ్గర పని మొదలు. ఎవరు ఎన్ని ఇడ్లీలు తింటే అన్ని అగ్గిపెట్టెలు ఒకదాని మీద ఒకటి. బావకి 6, నాకు 5, అక్కకి 3, బుజ్జికి 2. చూస్తుండగానే అది తన రెండు పెట్టెల్నీ తీసుకెళ్లి స్టీలు డబ్బా మీద పెట్టింది. "ఇప్పుడు నేనే ఫస్ట్!" గడుసుది. "అలా కాదమ్మా, అందరూ ఒకే నేల మీద నిలబడాలి" అన్నా. ఒప్పుకుంది, కాస్త గొణుక్కుంటూ.

తర్వాత బాల్కనీలో కూర్చుని పావుగంట పాటు బళ్లు లెక్కపెట్టాం. బండి వెళ్లినప్పుడల్లా ఓ గీత, ఐదో గీత అడ్డంగా. బైకులు 43, ఆటోలు 21, కార్లు 15, సైకిళ్లు 2. గళ్ల నోట్‌బుక్‌లో బండికో గడి చొప్పున నింపితే బైకుల దగ్గర పేజీ అయిపోయింది. "ఇంకో కాగితం అతికిద్దాం" అంది. ఫెవికాల్ కూడా తెచ్చింది. అతికించనిచ్చా. కింద పడుకుని ఆ పొడవాటి కాగితం చూశాక తనే విసుక్కుంది. అప్పుడు చెప్పా, ఒక గడికి ఐదు బళ్లు అనుకుందామని. పుస్తకంలో స్కేలు అనే మాట మొదటి లైన్లోనే వచ్చేస్తుంది. కాగితం చాలకపోతే తప్ప దాని అవసరం ఏంటో పిల్లలకి ఎలా తెలుస్తుంది?

అయినా తప్పులు తప్పలేదు. ఆటోలెన్ని అంటే గడులు లెక్కపెట్టి "నాలుగు" అంది. కార్ల కంటే బైకులు ఎన్ని ఎక్కువ అంటే "బైకులే ఎక్కువ" అంది. ఎన్ని అనే మాట దానికి వినపడదు, ఎవరు గెలిచారన్నదే వినపడుతుంది. రెండు బార్ల మీదా స్కేలు అడ్డంగా పెట్టి, మిగిలిన ముక్కని వేలితో కొలిపిస్తే 28కి వచ్చింది. ఇక సైకిళ్లు రెండే ఎందుకని అడిగితే "అందరికీ బద్ధకం" అంది. ఆ సంగతి ఈ బొమ్మలో ఎక్కడుంది అన్నా. కాసేపు వెతికి, "లేదు" అంది. ఆ రోజు మొత్తంలో నాకు బాగా నచ్చిన జవాబు అదే.

మార్కుల సంగతి మాత్రం మేడ మీద తేలింది. పిట్టగోడకి అవతల బుజ్జీ, పక్క ఫ్లాట్‌లో ఉండే ఐదో తరగతి అమ్మాయీ నిలబడ్డారు. ఇవతల నుంచి ఫోటో తీశా. బుజ్జిది నుదురు మాత్రమే కనిపిస్తోంది, ఆ అమ్మాయిది మెడ దాకా.

"మరి నువ్వు ఇంతేనా?" అని నుదురు చూపించా.

"కాదు! గోడ వెనకాల ఉన్నా కదా!"

యాప్‌లో గ్రాఫ్ తీసి 34 దగ్గర వేలు పెట్టా. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఇక్కడ గోడ కట్టారా?" అంది.

కిందకొచ్చి సున్నా నుంచి మళ్లీ గీశాం, గడికి నాలుగు మార్కులు. క్లాస్‌ది 10 గడులు, బుజ్జిది 9. దాన్ని ఫ్రిజ్‌కి అతికించింది. "ఆ నాలుగు మార్కులు తగ్గింది నిజమేగా?" అంది అక్క. నిజమే. తీసివేతల్లో అప్పు తెచ్చుకోవడం మర్చిపోతోంది, అది వేరే పని. కానీ నాలుగు మార్కులకి నాలుగు మార్కుల ఏడుపే ఏడవాలి కదా.

రాత్రి నిద్ర పట్టక ఈ బార్లు ఎవరు కనిపెట్టారా అని చదివా. స్కాట్లాండ్‌కి చెందిన విలియం ప్లేఫెయిర్. 1786లో దేశాల వ్యాపారం మీద వేసిన పుస్తకంలో ఎక్కువగా ఏళ్ల తరబడి సాగే గీతలే గీశాడు. స్కాట్లాండ్ ఎగుమతి, దిగుమతులకి మాత్రం ఒక్క ఏడాది లెక్కలే దొరికాయి. గీత గియ్యడానికి కుదరక 17 చోట్లకి బార్లు పెట్టాడు. గీతలో మనం చూసేది ఎక్కడం, దిగడం. అందుకే జ్వరం చార్టు సున్నా నుంచి మొదలవ్వక్కర్లేదు. బార్‌లో చూసేది పొడవు. అడుగు కోసేస్తే ఇక దాంట్లో చూడ్డానికి ఏముంది?

ఇదంతా నాకు తెలియంది కాదు. పోయిన క్వార్టర్‌లో క్లయింట్‌కి చూపించిన స్లయిడ్ గుర్తొచ్చింది. సర్వర్ల పనితీరు 98.2 శాతం నుంచి 98.9కి పెరిగింది. నేను 98 దగ్గర మొదలుపెట్టా. రెండో బార్ నాలుగు రెట్లు పైగా లేచింది. మీటింగ్‌లో చప్పట్లు. నాకు మంచి రేటింగ్ కూడా వచ్చింది, దాచడం ఎందుకు.

సోమవారం కొత్త రిపోర్ట్ బుజ్జి పక్కన కూర్చునే చేశా. "మీ ఆఫీసులో గోడలుంటాయా మామయ్యా?" అని అడిగింది. సున్నా పెట్టి పంపించేశా. పది నిమిషాల్లో లీడ్ కాల్ చేశాడు.

"ఏంటి, బార్లన్నీ ఒకేలా కనిపిస్తున్నాయి?"

"ఈ నెల దాదాపు ఒకేలా ఉన్నాయన్నా" అన్నా.