ఊడిపడిన జబ్బు కాదిది

మా పెద్దన్నయ్యకి ‘ఏట్రియల్ ఫిబ్రిలేషన్’ అని తేలినప్పుడు ఇంటిల్లిపాదీ అన్న మాట ఒక్కటే... ‘ఉన్నట్టుండి ఎక్కణ్ణుంచి ఊడిపడిందీ జబ్బు?’

గుండె పైగదులు ఒక లయలో ముడుచుకోకుండా గజిబిజిగా వణకడమే ఈ జబ్బు. అలా వణికే గదిలో రక్తం నిలిచి గడ్డ కట్టొచ్చు. ఆ గడ్డ మెదడుకి చేరితే పక్షవాతమే. ఇది ఉన్నవాళ్లకి పక్షవాతం ముప్పు మిగతావాళ్లకంటే సుమారు 5 రెట్లు ఎక్కువ.

ఆ భయంతోనే ఓ కాగితం తీసుకుని అన్నయ్య సంగతులన్నీ రాశాను. వయసు 66. పన్నెండేళ్లుగా బీపీ, మాత్ర వేసుకునేది మాత్రం తలనొప్పి వచ్చినప్పుడే. షుగర్. రిటైరయ్యాక పెరిగిన పొట్ట. ఆదివారాలు స్నేహితులతో మందు. నాకు తెలియనిది వదిన చెప్పింది. ‘‘గురక పెడుతూ పెడుతూ ఒక్కసారిగా ఊపిరి ఆగిపోతుంది అమ్మాయ్. మళ్లీ గట్టిగా పీల్చుకునేదాకా నా ప్రాణం నాది కాదు.’’

గురకంటే మన ఇళ్లల్లో నవ్వులాట. డాక్టరుగారు మాత్రం నవ్వలేదు. అది స్లీప్ ఆప్నియా కావచ్చనీ, గుండె లయని చెడగొట్టేవాటిలో అదీ ఒకటనీ చెప్పి పరీక్ష రాశారు.

అంటే ఊడిపడలేదు, ఏళ్ల తరబడి పేరుకుంది. బీపీ ఎక్కువగా ఉంటే గుండె పైగది సాగుతుంది, గోడల్లో మచ్చలు పడతాయి, లోపలి కరెంటు దారి తప్పుతుంది. బరువు, షుగర్, మందు దానికి తోడవుతాయి. థైరాయిడ్ అతిగా పనిచేసినా ఈ జబ్బు రావొచ్చు. చిన్నప్పుడు రుమాటిక్ జ్వరం వచ్చి కవాటాలు పాడైనవాళ్లకి నడివయసులోనే రావొచ్చు. వయసునీ వంశాన్నీ మార్చలేం. మిగతావాటిలో చాలావరకు మన చేతిలోనివే.

చిక్కేమిటంటే, కొందరికి ఏ బాధా తెలీదు. ‘‘నేను బాగానే ఉన్నానుగా, రక్తం పల్చబడే ఆ మాత్రలెందుకే?’’ అంటాడు అన్నయ్య. బాగున్నప్పుడే వేసుకోవాలని రోజూ వాదిస్తున్నా.

నాకూ బీపీ ఉంది. అందుకే రోజూ పొద్దున్నే మణికట్టు మీద మూడు వేళ్లు పెట్టి ఒక నిమిషం నాడి చూసుకుంటున్నా. ఎంత వేగమన్నదే కాదు, దెబ్బకీ దెబ్బకీ మధ్య ఎడం సమానంగా ఉందా అన్నదీ ముఖ్యం. తేడా అనిపిస్తే ఈసీజీ తీయించుకోవాలి.

నిన్న చిన్నన్నయ్య ఫోన్ చేశాడు. ‘‘మీ చిన్నొదిన నా గురక సెల్లులో రికార్డు చేసిందే! ఎవరికి చూపించాలి?’’