మృగశిర వేళ ఖర్చుల కబుర్లు

మృగశిర కార్తె వచ్చేసింది. జొన్నగిరి, తుగ్గలి వైపు నాలుగు చినుకులు పడ్డాయో లేదో, వజ్రాలు వెతికేవాళ్లు చేలల్లో వాలిపోయారు. ఎక్కడెక్కడి నుంచో వచ్చి చెట్ల కింద మకాం పెట్టి, పొద్దస్తమానం తల వంచుకుని నేలనే చూస్తుంటారు. రాయి దొరికినవాళ్ల సంగతి పేపర్లో వస్తుంది. కూలి పోగొట్టుకుని, తిండికీ బస్సుకూ చేతిసొమ్ము పెట్టి ఉత్తచేతులతో తిరిగిపోయినవాళ్ల లెక్క ఎవరూ రాయరు. ఆశ పడితే పడండి గానీ, ఆ రాయిని నమ్ముకుని ఇంటి ఖర్చు వేసుకోకండి.

అసలే మన సీమలో జూన్ గడ్డు నెల. బడులు తెరిచారు, ఫీజులు, నోటు పుస్తకాలు, బూట్లు కొనాలి. అదే వారంలో బుడ్డల విత్తనం, ఎరువు, ట్రాక్టర్ బాడుగ. మధ్యలో పెళ్లిళ్లు. మన ఇంటి పెళ్లికి ఎవరెంత చదివించారో పుస్తకంలో ఉంటుంది కాబట్టి తగ్గించి పెట్టలేం. ఆషాఢం రాగానే పెళ్లిళ్లు ఆగుతాయి, బట్టల అంగళ్లలో తగ్గింపు ధరల బోర్డులు లేస్తాయి. శ్రావణంలో ప్రొద్దుటూరు బంగారం అంగళ్లు పిలుస్తాయి.

జీతగాళ్లకు నెల లెక్క సరిపోతుంది. వానను నమ్ముకున్నవాళ్లకు ఏడాది లెక్కే కావాలి. పత్తికొండ టమోటా ఒకనాడు కళ్లకద్దుకునే ధర పలుకుతుంది, ఇంకోనాడు కోత కూలి కూడా రాక రోడ్డు పక్కన పారబోస్తారు. అందుకే మంచి ఏటి రాబడి చూసి ఖర్చు పెంచుకోకూడదు. చెడ్డ ఏడు చేతికెంత వచ్చిందో, అందులో ఇల్లు గడిచేలా వేసుకోవాలి. మిగిలితే ముందు పాత బాకీ, తర్వాతే కొత్త కొనుగోలు.

మా వీధిలో బట్టలు కుట్టే ఒక అక్క ఉంది. పాత శుభలేఖల కవర్లు దాచి, వాటి మీద స్కెచ్ పెన్నుతో బడి, కరెంటు, ఆసుపత్రి, చదివింపులు అని రాసుకుంది. కుట్టుకూలి వచ్చిన రోజే పంచి పెడుతుంది. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ డబ్బు లేదు కదా, ఊరికి పోయొచ్చినప్పుడల్లా ఆ టికెట్ డబ్బు ఆసుపత్రి కవర్లో వేస్తుంది. “ఒక కవర్లో అయిపోతే ఇంకోదాంట్లో చెయ్యి పెట్టనన్నా. పెట్టినానంటే అన్నీ ఖాళీనే” అంది. ఇంతకన్నా గట్టి కట్టుబాటు నేను చూడలేదు.

ఇలాంటి పట్టుదలకు మన గడ్డ మీద పెద్ద సాక్ష్యమే ఉంది. ఓర్వకల్లు మండలంలో 1990ల్లో ఆడవాళ్లు రోజుకో రూపాయి లెక్కన పొదుపు మొదలుపెట్టారు. కరువు ఏళ్లలోనూ ఆపలేదు. ఆ గుంపులే మండల ఐక్య సంఘమై, తమ పిల్లల కోసం బాలభారతి బడి కూడా నడుపుతున్నాయి.

ఇక అప్పు మాట. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే తక్కువగానే వినిపిస్తుంది. 50 వేలు తెస్తే నెలకు వెయ్యి, ఏడాదికి 12 వేలు, అసలు అసలుగానే ఉంటుంది. ఈ జూన్‌లో అప్పు తప్పదనుకుంటే ముందు మీ పొదుపు సంఘంలో, బ్యాంకులో అడగండి. బయట తేవాల్సి వస్తే ఏడాది వడ్డీ ఎంతవుతుందో కాగితం మీద వేసి, ఇంట్లోవాళ్లందరికీ చూపించాకే నోటు మీద సంతకం పెట్టండి.