మార్కుల కాగితంలో లేని గడి

పోర్ట్‌లాండ్‌లో మా అబ్బాయి నన్నొక చిన్న బీరు తయారీశాలకు తీసుకువెళ్ళాడు. చెరొక పళ్ళెం, పళ్ళెంలో 120 మిల్లీలీటర్ల గ్లాసులు నాలుగు: 5 శాతం ఆల్కహాలున్న గోధుమ బీరు, 7 శాతంతో చేదైన ఐపీఏ, 9 శాతంతో బెల్జియన్ ట్రిపెల్, 10 శాతంతో నల్లని ఇంపీరియల్ స్టౌట్. రంగుకు, వాసనకు, చేదుకు, నురుగుకు మార్కులు వేశాము. కాఫీ పరిమళపు స్టౌట్‌కే ఇద్దరమూ ప్రథమ స్థానమిచ్చాము. అన్నిటికన్నా బలమైనది అదే. ఆ బలాన్ని నాలుకకు తెలియనివ్వనిదీ అదే.

లెక్క వేశాను. ఒక్కొక్కరికి సుమారు 29 గ్రాముల ఆల్కహాలు. అమెరికా ప్రమాణంలో రెండు పూర్తి డ్రింకులు.

"రుచి చూశామంతే కదా నాన్నా" అంటూ వాడు కారు తాళం తీశాడు. తాళం నా జేబులో వేసుకొని ట్యాక్సీ పిలిపించాను.

అలవాటు లేనివారు మొదలుపెట్టనక్కరలేదు. రుచి చూసేవారు మాత్రం శాతానికీ ఒక గడి గీయండి. కాలేయానికి చేరేది ఆ గ్రాములే.