బొటనేలు పక్కకు పెట్టు

మక్క కంకులు పాలు పోసుకునే రోజుల్లో ఆర్మూరు చుట్టుపక్కల చేన్లకు అడవి పందులు దిగుతయి. మా తట్టు పసుపులో మక్క కలిపి వేస్తరు. పంది మక్కను నమిలి ఊరుకోదు, పోతూ పోతూ పసుపు బోదెలను ముట్టెతో పెళ్లగించి పోతది. తొమ్మిది నెలల పంట. పంట పటేలుది, కావలి మాది. మా బాపు పటేలు దగ్గర జీతముండె. మంచె మీద బాపు పక్కన నేను, నా చేతిల రేకు డబ్బ, వడిసెల.

1986లో నేను ఎనిమిదో తరగతి. ఆ ఏడు కావలికి పటేలు గోదావరి అవతలి నుంచి, నిర్మల్ దిక్కు నుంచి ఒక నాయకపోడు తాతను పిలిపించిండు. తాత భుజానికి వెదురు విల్లు. నాకు రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. మూడో రోజు అడిగిన, "తాతా, నాకు గూడ ఒకటి చేసిస్తవా?"

"విల్లు దుకాణంల కొనే అంగీ గాదు బిడ్డా, నీ ఒంటికి కొలువాలె" అన్నడు. నన్ను నిలబెట్టి కనుబొమ్మల దాక కట్టెతో కొలిచిండు. లేత వెదురు పనికి రాదన్నడు, అది వంగుతది గని మళ్ల లేవదు. ముదురుది కొట్టి నీడన ఎండబెట్టాలె. వెదురు పైతోలు ముందటి దిక్కు, కడుపు మన దిక్కు. తయారైనంక తన విల్లు చేతికిచ్చి గుంజుమన్నడు. గుంజిన, చేతులు వణికినయి. "సూసినవా? దవుడ దాక గుంజి పది లెక్క పెట్టేదాక వణకనిదే నీ విల్లు. పెద్దోని విల్లు పట్టినోనికి ముందు గురి పోతది, తర్వాత భుజం పోతది." బాణం లేకుండ అల్లెతాడు ఇడిస్తే తిట్టేటోడు, విల్లు పగులుతదని. ఇగ బాణాలు ఒకే పొడుగు, ఒకే బరువు ఉండాలె. విల్లు ఒక్కతే తల్లి, బాణాలన్ని కవల పిల్లలు అనేటోడు.

గోనె సంచిల గడ్డి కూరి పది అడుగుల దూరంల నిలబెట్టిండు. ఐదుకు ఐదు బాణాలు అరచేతి మందంల పడేదాక పదకొండో అడుగు లేదు. జంతువు మాటెత్తితే కండ్లెర్ర చేసేటోడు. "దెబ్బ తిని ఉరికిన జంతువు ఎనుక తెల్లారే దాక నడువాలె. నడువలేనోడు విల్లు ముట్టద్దు."

మొదటి రోజు నేను బాణం తోకను బొటనేలుకు, చూపుడు వేలుకు నడుమ పట్టి గుంజిన. తాత నా వేలు మీద చిన్నగ కొట్టిండు. "బొటనేలు పక్కకు పెట్టు." చూపుడు వేలు, నడిమేలు నడుమ బాణం, ఆ వేళ్లతోనే తాడు. ఎందుకని అడిగితే మా అయ్య గిట్లనే పట్టె అన్నడు. ఏకలవ్యుడెవరో ఆయనకు తెల్వదు.

నాకు బడిల తెలిసింది. తెలుగు సారు గురుభక్తి అని కన్నీళ్లు పెట్టుకొని చెప్తుంటే లేచి అడిగిన, "సార్, బొటనేలు లేకున్నా విల్లు గుంజచ్చు గద?" తరగతంతా నవ్వింది. "మీ వాడల గూడ ద్రోణుడున్నడారా?" అన్నడు సారు. వాడ అన్న మాటను కొంచెం గట్టిగ పలికిండు.

తర్వాత కాలేజీల ఆదిపర్వం కథ చదివిన. వేలు పోయినంక గూడ ఏకలవ్యుడు మిగిలిన వేళ్లతో బాణాలేసిండు, మునుపటి వేగం మాత్రం లేదు. ద్రోణునికి కావలసింది అంతే. మొత్తం విద్య పోనక్కర లేదు, అర్జునుని కన్నా ఒక్క మెట్టు కిందుంటే చాలు. మంగోలులు బొటనేలుకు ఉంగరం తొడిగి గుంజేవాళ్లు, ఒలింపిక్స్‌ల మూడు వేళ్లతో గుంజుతరు. మన దేశంల ఆటగాళ్లకు అర్జునుని పేరు మీద 1961 నుంచి, గురువులకు ద్రోణుని పేరు మీద 1985 నుంచి అవార్డులిస్తున్నరు. ఏకలవ్యుని పేరు 1997-98ల మొదలైన గిరిజన గురుకులాలకు పెట్టిన్రు. వెదురు విల్లుతో పిట్టలు కొట్టి పెరిగిన రాజస్థాన్ ఆదివాసి లింబారామ్, 1988 నుంచి మూడు ఒలింపిక్స్ ఆడినోడు, ఆయనకు గూడ 1991ల ఇచ్చింది అర్జునుని పేరు మీది బహుమతే.

పంటకాలంల పటేలు మంచె కాడికొచ్చిండు. "ఉత్తగ బెదిరిచ్చుడేంది, ఒకటి పడగొట్టున్రి" అన్నడు. ఆయన పోయినంక బాపు అన్నడు, "పంది పడితే కూర ఆయనకు, కేసు మనకు." 1972 చట్టం సంగతి బాపుకు చదివితే తెలువలేదు, జైలుకు పోయొచ్చినోళ్లను చూస్తే తెలిసింది. తాత మొద్దు బాణాలతో రేకు డబ్బలు మోగిచ్చి పందులను తరిమిండు. కొమ్ములు ఉడుకబెట్టే కడాయిలు పొయ్యెక్కక ముందే ఊరికి పోయిండు. నా విల్లు నాకే ఇడిచిపెట్టిండు.

బాపు బొటనేలు సంగతి వేరే. ఏటా ఉగాదికి జీతం కాయితం మీద అది పడాలె. వెట్టిచాకిరి రద్దు చట్టం 1976ల వచ్చింది, మా ఇంటికి రాలేదు. పసుపు ఉడుకబెట్టి పచ్చబడ్డ వేలు మీద నీలం సిరా. ఎంత అప్పు రాసిన్రో ముద్ర ఏసినోనికి తెల్వదు. ఆ ఎండకాలం పొద్దుందాక గోనె సంచికి బాణాలేసి, రాత్రి దీపం కాడ బాపు చేతిల కలం పెట్టిన. "ఇగో బాపు, దీనికి బొటనేలు కావాలె" అన్న. బాపు నవ్విండు. పేరు రాయనీకి ఏడాది పట్టింది.

మరుసటి ఉగాదికి పద్దు రాసేటాయన సిరా డబ్బ ముందుకు జరిపిండు. బాపు దాన్ని వెనక్కి నూకి, కాయితం తీసి నా చేతిల పెట్టిండు. "ముందుగాల సదువు బిడ్డా, ఎంత రాసిన్రో."