ఆడే చోటు

ఏటా నవంబరులో అమెరికా హైస్కూళ్ళ జిమ్ములలో ఒక చిన్న వేడుక జరుగుతుంది. పన్నెండో తరగతి చదువుతూ కాలేజీ జట్లకు ఎంపికైన పిల్లలు, చేరబోయే కాలేజీ పేరున్న టోపీ పెట్టుకుని, అమ్మానాన్నలను పక్కన కూర్చోబెట్టుకుని కాగితాల మీద సంతకాలు చేస్తారు. సాఫ్ట్‌బాల్ ఆడే అమ్మాయిల టోపీల మీది పేర్లు చూస్తే చాలాసార్లు ఆశ్చర్యం వేస్తుంది. కాలిఫోర్నియా పిల్ల టెనెసీకి, హవాయి పిల్ల ఓక్లహోమాకి, కాన్సస్ పిల్ల కాలిఫోర్నియాకి. ఈ దేశంలో డిగ్రీ చదివేవాళ్ళలో ఎక్కువమంది సొంత రాష్ట్రం దాటరు. సొంత రాష్ట్రపు ప్రభుత్వ యూనివర్సిటీలో ఫీజు తక్కువ, శనివారం ఇంటికొచ్చి అమ్మ చేతి అన్నం తినవచ్చు. మరి పద్దెనిమిదేళ్ళ అమ్మాయి ఒక బంతి ఆట కోసం అంత దూరం ఎందుకు వెళ్ళాలి? ఇక్కడ పుట్టి పెరిగిన మన తెలుగు అమ్మాయిలు కొందరు కూడా ఈ ఆటలోకి వస్తున్నారు గనుక ఈ ప్రశ్న మన ఇళ్ళలోనూ వినబడుతోంది. ఇల్లంటే విసుగు, పెద్ద పేరు మీద మోజు, కోచ్ మాటలకు పడిపోవడం అంటూ తేలిగ్గా కారణాలు చెప్పేస్తాం. నాకు కనిపించే కారణం ఇంకొకటి. సాఫ్ట్‌బాల్‌లో ఖాళీలు తక్కువ, ఉన్న సమయం ఇంకా తక్కువ. కాలేజీలో ఆడే నాలుగేళ్ళే దాదాపు అందరికీ ఆటలో ఆఖరి నాలుగేళ్ళు. వాటిని బెంచీ మీద కూర్చుని పోగొట్టుకోకుండా మైదానంలో గడపగలిగే చోటును వెతుక్కుంటూ ఆ పిల్లలు వెళుతున్నారు.

ముందు ఖాళీల సంగతి చూద్దాం. కాలేజీ ఆటల్లో పై స్థాయి అయిన డివిజన్ వన్‌లో సుమారు 300 కాలేజీలకు సాఫ్ట్‌బాల్ జట్లున్నాయి. వినడానికి పెద్ద సంఖ్యే. ఒక్కో జట్టులో ఇరవై, ఇరవై అయిదు మంది ఉంటారు. చదువు ముగించుకుని ఏటా బయటికి వెళ్ళేది అయిదారుగురు. వాళ్ళ స్థానంలో ఎవరో ఒక మంచి క్రీడాకారిణిని తీసుకుంటే కోచ్‌కు సరిపోదు. వెళ్ళిపోయిన ఎడమచేతి పిచర్ స్థానంలో పిచర్ కావాలి, షార్ట్‌స్టాప్ స్థానంలో షార్ట్‌స్టాప్ కావాలి. ఉన్న క్యాచర్ ఇంకా రెండో ఏడాదిలోనే ఉందంటే, ఎంత గొప్ప క్యాచర్ ఆ ఊళ్ళోనే పుట్టి పెరిగినా ఆ ఏడు ఆమెకు అక్కడ ఆడే అవకాశం ఉండకపోవచ్చు. పిచర్ల పరిస్థితి మరీ ఇరుకు. 43 అడుగుల దూరం నుంచి, చెయ్యి గుండ్రంగా తిప్పి నడుము పక్కగా బంతి విసిరే పిల్ల మైదానంలో ఒక సమయానికి ఒక్కతే ఉంటుంది. ఆమె బాగా ఆడితే మిగతావాళ్ళు వేచి ఉండాల్సిందే. దీనికి తోడు, పేరుమోసిన యూనివర్సిటీలు చాలావాటికి అసలు సాఫ్ట్‌బాల్ జట్టే లేదు. లాస్ ఏంజెలెస్ నడిబొడ్డున ఉన్న యూనివర్సిటీ ఆఫ్ సదరన్ కాలిఫోర్నియాకు లేదు. టెక్సస్‌లో రైస్‌కు, సదరన్ మెథడిస్ట్‌కు, టెక్సస్ క్రిస్టియన్‌కు లేదు. మయామికి, వాండర్‌బిల్ట్‌కు, కాన్సస్ స్టేట్‌కు లేదు. ఇంటి పక్కన ఇంత మంచి యూనివర్సిటీ పెట్టుకుని అని మనం అనే మాటకు చాలాసార్లు అక్కడే జవాబు దొరుకుతుంది.

ఈ ఆట పెరిగిన తీరు కూడా పిల్లలను దూరాలకు లాగింది. కాలేజీ సీజను ఫిబ్రవరిలో మొదలవుతుంది. ఆ నెలలో ఉత్తరాది మైదానాలు మంచు కింద ఉంటాయి. ఏడాది పొడవునా ఆరుబయట సాధన చెయ్యగలిగిన కాలిఫోర్నియా, అరిజోనా ప్రాంతాల్లో ఆట ముందుగా వేళ్ళూనుకుంది. కాలేజీ ఆటల సంస్థ ఎన్‌సీఏఏ జాతీయ పోటీలు 1982లో మొదలైతే, 2005లో మిషిగన్ గెలిచేదాకా మిసిసిపీ నదికి తూర్పున ఉన్న ఏ జట్టూ కప్పు గెలవలేదు. మరోవైపు, చదువుల్లో ఆడపిల్లలకు సమాన అవకాశాలివ్వాలని 1972లో వచ్చిన టైటిల్ నైన్ చట్టం ఫలితం దక్షిణాదికి ఈ ఆటలో ఆలస్యంగా చేరింది. అలబామా, ఫ్లోరిడా, జార్జియా, లూసియానా యూనివర్సిటీలున్న సౌత్ఈస్టర్న్ కాన్ఫరెన్స్ సాఫ్ట్‌బాల్ పోటీలను మొదలుపెట్టింది 1997లో. ఫుట్‌బాల్ తెచ్చే ఆదాయంతో అక్కడ కొత్త స్టేడియాలు లేచాయి, కొత్త కోచ్‌లు వచ్చారు. ఆడగలిగే పిల్లలు మాత్రం పడమటి తీరంలో ఎక్కువగా ఉన్నారు. కాలిఫోర్నియాలోని సలీనస్ నుంచి పిచర్ మోనికా ఆబట్ రెండు వేల మైళ్ళు దాటి టెనెసీకి వెళ్ళి, అక్కడ నాలుగేళ్ళలో 2,440 మందిని స్ట్రయికవుట్ చేసి, డివిజన్ వన్‌లో ఎవరూ అందుకోలేని రికార్డు పెట్టింది ఈ నేపథ్యంలోనే. మరో పిచర్ జెనీ ఫించ్ ఇల్లు లాస్ ఏంజెలెస్ దగ్గరి లా మిరాడా. అప్పటికి అందరికంటే ఎక్కువ కప్పులున్న యూసీఎల్ఏ ఆమెకు దగ్గర్లోనే ఉంది. అయినా కోచ్ మైక్ కాండ్రియా దగ్గర ఆడడానికి అరిజోనా వెళ్ళింది. ఇక జోసెలిన్ ఆలో సంగతి. ఆమెది హవాయిలోని ఓవాహు దీవి. హవాయి యూనివర్సిటీ అదే దీవిలో ఉంది, దానికి మంచి జట్టూ ఉంది. ఆమె పసిఫిక్ దాటి ఓక్లహోమాలో కోచ్ ప్యాటీ గాసో జట్టులో చేరింది. కెరీర్ హోమ్‌రన్‌ల రికార్డును బద్దలుకొట్టిన 96వ హోమ్‌రన్‌ను ఆమె 2022 మార్చిలో హొనొలులులోనే, హవాయి జట్టు మీద కొట్టింది. మొత్తం 122తో కెరీర్ ముగించింది. ఇల్లు వదిలిన పిల్ల ఇంటితో బంధం తెంచుకుని పోయిందనుకోవడం ఎంత తప్పో చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

నాలుగేళ్ళ తరువాత ఏముంటుంది అన్నదే నా వాదనకు గుండెకాయ. బాస్కెట్‌బాల్ కుర్రాడికి కాలేజీ తరువాత ఎన్‌బీఏ కల ఉంది. సాఫ్ట్‌బాల్ అమ్మాయికి అలాంటి మెట్టు చాలాకాలం లేదు. ప్రొఫెషనల్ లీగులు పుట్టాయి, నిలదొక్కుకోలేక మూతపడ్డాయి. అథ్లెట్స్ అన్‌లిమిటెడ్ వాళ్ళ కొత్త లీగు 2025లో మొదలైంది గానీ, కొద్దిమంది అమ్మాయిలకే అందులో చోటు. ఒలింపిక్స్ తీరూ అంతే. 1996లో చేర్చారు, 2008 తరువాత తీసేశారు, టోక్యోకి తెచ్చారు, పారిస్‌లో మళ్ళీ లేదు, 2028లో మళ్ళీ ఉంటుంది. ఆ 2028 ఒలింపిక్స్ లాస్ ఏంజెలెస్‌వే అయినా సాఫ్ట్‌బాల్ పోటీలు అక్కడ జరగవు, ఓక్లహోమా సిటీలో, ఏటా కాలేజీ ప్రపంచ సిరీస్ జరిగే డెవన్ పార్కులోనే జరుగుతాయి. దాదాపు 13,000 మంది కూర్చునే ఆ మైదానమే ఈ ఆటకు శిఖరం. ఎనిమిదో ఏట గ్లోవ్ తొడుక్కున్న పిల్ల పదేళ్ళపాటు ఎండల్లో పడిన శ్రమకు ఫలితం దక్కేది ఇరవై రెండేళ్ళలోపే. ఆ మాట ఆమెకు తెలుసు. అమ్మానాన్నలకంటే బాగా తెలుసు.

పేరు మోజు అనేవాళ్ళకు రెండు సంగతులు చెప్పాలి. మొదటిది, గొప్ప జట్టు దగ్గర్లోనే ఉండి, అందులో చోటూ ఉంటే పిల్లలు అక్కడే ఉండిపోతారు. ఈ ఆటలో అత్యుత్తములలో ఒకరైన లిసా ఫెర్నాండెజ్ లాస్ ఏంజెలెస్ ప్రాంతపు అమ్మాయి, యూసీఎల్ఏలోనే ఆడింది. హ్యూస్టన్ పిల్ల క్యాట్ ఆస్టర్‌మన్ టెక్సస్ యూనివర్సిటీకే ఆడింది. దూరమే వాళ్ళ కోరిక అయితే ఇలా జరగదు. రెండోది, టీవీలో కనిపించని జట్ల కోసం దూరం వెళ్ళేవాళ్ళూ ఉన్నారు. డివిజన్ త్రీ కాలేజీలు ఆటకు స్కాలర్‌షిప్ ఇవ్వవు, ఐవీ లీగ్ కూడా ఇవ్వదు. అయినా టఫ్ట్స్ వంటి చోటికి దేశం ఆ చివర నుంచి కూడా అమ్మాయిలు వస్తారు. 2013 నుంచి 2015 దాకా వరుసగా మూడుసార్లు డివిజన్ త్రీ కప్పు గెలిచిన కాలేజీ అది. మంచి చదువూ, రోజూ ఆడే అవకాశమూ ఒక్కచోట దొరకడం అరుదు. దొరికితే పేరుతోనూ దూరంతోనూ పనిలేదు.

డబ్బు గురించిన అభ్యంతరాన్ని ఇంత సులువుగా తోసెయ్యలేను. చాలామంది తల్లిదండ్రులు స్కాలర్‌షిప్ అంటే మొత్తం ఫీజు మాఫీ అనుకుంటారు. 2025 వేసవి దాకా డివిజన్ వన్ సాఫ్ట్‌బాల్ జట్టుకు 12 పూర్తి స్కాలర్‌షిప్‌లే పరిమితి. కోచ్‌లు వాటిని ముక్కలు చేసి ఇరవై మందికి పైగా పంచేవారు. పావు వంతో, మూడో వంతో దక్కిన పిల్ల పొరుగు రాష్ట్రపు ప్రభుత్వ యూనివర్సిటీలో చేరితే, బయటి రాష్ట్రం వాళ్ళకు వేసే ఫీజు ఆ సాయాన్ని మింగేసి ఇంకా మిగిలేది. ఆ ఏడాది కాలేజీ క్రీడాకారుల దావాలో కుదిరిన కోర్టు ఒప్పందం తరువాత ఆ లెక్క మారింది. కొత్త పద్ధతిలోకి వచ్చిన కాలేజీల్లో జట్టులో 25 మందికి మించి ఉండకూడదు, కావాలంటే ఆ 25 మందికీ పూర్తి స్కాలర్‌షిప్ ఇవ్వవచ్చు. ఇవ్వగలిగే స్థోమత ఉన్నవి పెద్ద కాలేజీలే గనుక డబ్బు కూడా ఇకమీదట పిల్లలను కొన్ని ఊళ్ళకే లాగుతుంది. ప్రైవేటు కాలేజీల్లో ఫీజుకు రాష్ట్రంతో సంబంధం లేదు. మార్కులు బాగున్న పిల్లకు చదువు మీద వచ్చే సాయం ఆట సాయంకంటే ఎక్కువే కావచ్చు. ఇన్ని చెప్పినా ఒక్క మాట గట్టిగా అంటాను. ఆట సాయం నామమాత్రంగా ఉండి మిగతాదంతా అప్పు చెయ్యాల్సి వస్తే, దగ్గరి కాలేజీలో చేరి చిన్న జట్టులో ఆడడమే మేలు.

ఆ వయసు పిల్లకు అంత పెద్ద నిర్ణయం తీసుకునే తెలివి ఉంటుందా అన్నది ఇంకో అభ్యంతరం. ఒకప్పుడు ఈ మాటలో నూటికి నూరుపాళ్ళు నిజముంది. ఎనిమిదో తరగతి పిల్లలు కోచ్‌కు నోటిమాట ఇచ్చేసేవారు, అది సిగ్గుపడాల్సిన పద్ధతి. 2018లో నిబంధన మార్చి, పదకొండో తరగతిలో సెప్టెంబరు ఒకటి దాకా కోచ్‌లు పిల్లలతో మాట్లాడకూడదన్నారు. ఇప్పుడు పదహారు, పదిహేడేళ్ళ పిల్ల నిర్ణయిస్తోంది. ఆమె అప్పటికే ట్రావెల్ బాల్ జట్టుతో నాలుగైదేళ్ళు ఎన్నో రాష్ట్రాలు తిరిగి, హోటల్ గదుల్లో హోంవర్కు చేసి, ఓడిన సాయంత్రం తిరుగు ప్రయాణం చేసి ఉంటుంది. ఇక్కడ మన తెలుగువాళ్ళం ఒకసారి మన లెక్క చూసుకోవాలి. మన ఊళ్ళలో పదో తరగతి అవ్వగానే పదిహేనేళ్ళ పిల్లలను విజయవాడ, హైదరాబాదు హాస్టళ్ళలో వేసేస్తాం. కాలేజీని ఎంచుకునేది పిల్ల కాదు, మనం. మనలో చాలామందిమి ఇరవై రెండేళ్ళకు సముద్రాలు దాటి ఈ దేశం వచ్చాం, మన అమ్మానాన్నలు కళ్ళనీళ్ళు దిగమింగి పంపారు. ర్యాంకు కోసం వెళ్ళిన దూరాన్ని కష్టపడి సాధించడం అని మెచ్చుకుని, ఆట కోసం వెళ్ళే దూరాన్ని తొందరపాటు అనడం న్యాయం కాదని నా గట్టి నమ్మకం. పైగా ఈ అమ్మాయి ఎంచుకున్న చోట ఆమెకోసం ఎదురుచూసే ఇరవై మంది జట్టు ఉంటుంది. హాస్టల్ గదిలో ఒంటరిగా పుస్తకంతో మిగిలిన మన పిల్లకు అదీ ఉండదు.

తీరా వెళ్ళాక చాలామంది కాలేజీ మారిపోతున్నారు కదా అంటారు. నిజమే, మారాలనుకునేవాళ్ళు పేరు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చాక మారడం సులువైంది. కాన్సస్‌లోని టొపీకా నుంచి స్టాన్‌ఫర్డ్ వెళ్ళిన నైజరీ కనాడీ రెండేళ్ళ తరువాత టెక్సస్ టెక్‌కు మారింది. పది లక్షల డాలర్లు దాటిన ఒప్పందమని పత్రికలు రాశాయి. 2025లో ఆ జట్టును ఫైనల్ దాకా తీసుకెళ్ళింది. ఇంటికి దూరమైందని మారిన కథ కాదిది. మారే పిల్లలను ఎక్కువగా కదిలించేవి ఆడే అవకాశం దక్కకపోవడం, నమ్మి వచ్చిన కోచ్ వెళ్ళిపోవడం, మరోచోట మెరుగైన పిలుపు రావడం అని నా అంచనా. ఇవి పది మైళ్ళ దూరంలోనూ జరుగుతాయి. అందుకే కాలేజీ చూడబోయేటప్పుడు తల్లిదండ్రులు విమానం టికెట్టు ధర కంటే ముందు తెలుసుకోవాల్సినవి ఉన్నాయి. పిల్ల ఆడే స్థానంలో ఇప్పుడు ఎవరున్నారు, వాళ్ళు ఏ ఏడాది చదువుతున్నారు? కోచ్ ఎన్నేళ్ళుగా అక్కడ ఉన్నారు? దెబ్బ తగిలి ఆడలేకపోతే స్కాలర్‌షిప్ కొనసాగుతుందన్న మాట కాగితం మీద ఉందా? ఇంజనీరింగో నర్సింగో చదవాలనుకునే పిల్లకు ఇంకొకటి ముఖ్యం. సీజనులో సాధనకు వారానికి 20 గంటలని పరిమితి ఉంది గానీ ప్రయాణాలు అందులోకి రావు, మధ్యాహ్నపు ల్యాబులు ప్రాక్టీసుకు అడ్డం పడతాయి. అదే జట్టులో అదే కోర్సు చదువుతున్న అమ్మాయి ఎవరైనా ఉంటే, ల్యాబ్ ఉన్న రోజు కోచ్ ఏమంటారో ఆమెనే అడగాలి.