ఎదురు వరండా

మా నాన్న సినిమాని చెవులతో చూస్తాడు. రాయపూర్ వ్యాగన్ రిపేర్ షాపులో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. చక్రాన్ని సుత్తితో కొడితే ఖంగుమనాలి. బొంగురుగా పలికిందంటే ఎక్కడో బీట ఉన్నట్టే. ఆ అలవాటు ఇంట్లోకీ వచ్చేసింది. పుచ్చకాయైనా, మట్టికుండైనా ముందు వేలితో కొట్టి వినాల్సిందే. అలాంటాయన్ని మొన్న కూచోబెట్టి, జో రైట్ 2012లో తీసిన ‘అన్నా కరెనినా’ చూపించాను. ఇంగ్లీషు సినిమా కాబట్టి కథ చెప్పే పని నాది. అమ్మ పక్కనే చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కూచుంది.

పిల్లాడు ఆడుకునే బొమ్మరైలు చూస్తూండగానే మంచు కప్పుకున్న పెద్ద రైలైపోయింది.

“అది బండి కాదే, డబ్బా. బరువున్న బండి చప్పుడలా ఉండదు” అన్నాడు నాన్న.

ఆయన తప్పు లేదు. దర్శకుడు కథనంతా దాదాపుగా ఒక పాత నాటకశాల లోపలే నడిపాడు. ఇంగ్లండులోని షెపర్టన్ స్టూడియోలో వేసిన సెట్టు. విందులు, ఆఫీసులు, ఆఖరికి గుర్రప్పందెం కూడా ఆ స్టేజీ మీదే. ప్రేమికుడు వ్రాన్‌స్కీ గుర్రం కూలగానే అన్నా కెవ్వుమంటుంది. చుట్టూ ఉన్నవాళ్ళు పందెం వదిలేసి ఆమెనే చూస్తారు. పల్లెలో వ్యవసాయం చేసుకునే లెవిన్ ఒక్కడికే నాటకశాల తలుపులు తెరుచుకుని, అవతల నిజమైన నేల కనిపిస్తుంది. ఈ గారడీ అంతా నాకు మొదటి అరగంట విసుగే. భర్తని వదిలేసిన అన్నా ఒపేరాకి వచ్చి కూచోగానే అన్ని తలలూ అటు తిరిగిన చోట మాత్రం నిటారుగా కూచున్నాను. అది మా కాలనీ.

రైల్వే క్వార్టర్లు ఎదురెదురుగా ఉంటాయి. ఒక వరుస వరండాలు రెండో వరుసకి బాల్కనీ టిక్కెట్లు. నా చిన్నప్పుడు మా వరుసలో ఒకామె భర్తని వదిలి వెళ్ళిపోయింది. ఏడాది తరవాత ఒక మధ్యాహ్నం కొడుకుని చూసుకోడానికి వచ్చింది. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. కుళాయి కింద బిందె నిండి పొర్లుతున్నా ఎవరూ తియ్యలేదు, అంతే. ఆ నీళ్ళు గట్టు దిగి ఆమె చెప్పుల దాకా పారాయి. కుచ్చెళ్ళు కాస్త ఎత్తి పట్టుకుని దాటి వెళ్ళింది. కుళాయి దగ్గర అమ్మ ఉంది. నేనూ ఉన్నాను.

టాల్‌స్టాయ్ ఈ సినిమాకి మూలమైన నవలని 1875 నుంచి 1877 దాకా పత్రికలో సీరియల్‌గా వేశాడు. ఆ 1877లోనే కుర్రవాడు నరేంద్రుడు, తరవాతి వివేకానందుడు, కుటుంబంతో రాయపూర్ వచ్చింది ఎడ్లబండి మీద. రైలింకా ఇక్కడికి రాలేదు. విజయనగరం నుంచి పార్వతీపురం, రాయగడ మీదుగా ఇక్కడిదాకా లైను పూర్తయ్యేసరికి 1931. మా తాత ఆ బండే ఎక్కి వచ్చాడు. అన్నాని మింగిన రైలు మాకు మూడు తరాలు బువ్వ పెట్టింది.

అన్నా చావు ఉత్తి కల్పన కాదని కూడా చెప్పాను. 1872లో టాల్‌స్టాయ్ ఊరి దగ్గర యాసెంకి స్టేషన్‌లో అన్నా పిరగోవా అనే ఆమె గూడ్సు బండి కింద పడింది. ఆయన స్వయంగా వెళ్ళి ఆ శవాన్ని చూశాడు. నాన్న తల పంకించి ఊరుకున్నాడు. పట్టాల పక్కన బతికినవాడికి అలాంటివి వేరే చెప్పాలా?

ఆ చావుని తప్పించాలని చూసినవాళ్ళూ లేకపోలేదు. గ్రేటా గార్బో 1927 మూకీ ‘లవ్’కి భర్త చచ్చిపోయి, ప్రేమికులు కలుసుకునే రెండో ముగింపు కూడా తీశారు. భర్త అడ్డు తొలిగితే సుఖాంతమట! చలం ‘మైదానం’ వచ్చిందీ ఆ 1927లోనే. ఆయన తన నాయిక రాజేశ్వరికి అంత చవక దారి చూపించలేదు. తమిళంలో 1953లో ‘పణక్కారి’ అని ఈ కథే తీశారు, టి.ఆర్. రాజకుమారితో. అందులో మన నాగయ్య ఉన్నారంటే అమ్మ తలెత్తింది.

“ఆయన మొగుడేనా? అయితే పాపం, ఏడిపించేసుంటాడు.”

ఈ సినిమాలో మొగుడు, జూడ్ లా వేసిన కరెనిన్, ఏడిపించడు. కళ్ళజోడు, బిగిసిన పెదాలు, వేళ్ళు విరుచుకునే అలవాటు. అమ్మకి అతను మొదట్నించీ నచ్చలేదు. చివర్లో అన్నా లేదు. గడ్డిపూలు నిండిన మైదానంలో కరెనిన్ కూచుని ఉంటాడు, ఇద్దరు పిల్లలు ఆడుకుంటుంటారు. మెల్లగా ఆ పూలు నాటకశాల లోపలికీ పరుచుకుంటాయి.

“ఆ చంటిది ఈయన కూతురు కాదు కదే?”

“కాదమ్మా.”

“మరీయనేటి, పెంచుతున్నాడా?”

అవునన్నాను. తెర మీద పేర్లు పడుతున్నాయి. అమ్మ చేతిలో చిక్కుడుకాయ సగం ఈనెతో అలాగే ఉండిపోయింది.

“ఆ రోజు నన్ను మంచినీళ్ళు అడిగింది” అంది కాసేపటికి. ఎవరని నేను అడగలేదు.

“ఇచ్చేను. గ్లాసు మాత్రం రెండ్రోజులు వరండా గోడ మీదే వదిలీసేను.”