హస్తలాఘవమొక్కటే చాలునా?

శస్త్రవైద్యుడు కాగోరువానికి తెలుగు పాఠమెందుకని బై.పి.సి. విద్యార్థి ఒకడు ఈ మధ్య మమ్ము సూటిగా అడిగినాడు. ప్రశ్న న్యాయమైనదే. 720 మార్కుల నీట్ పరీక్షలో భౌతిక, రసాయన, జీవశాస్త్రములే కాని మరొకటి లేదు. అయినను ఎం.బి.బి.ఎస్., ఎం.ఎస్. పట్టములు చేతికి వచ్చిన పిదప వైద్యుని పేరు నిలిపేది ఏదన్న విషయమై మాకు కొన్ని అభిప్రాయములు కలవు.

తన మనసులోని అలజడిని అదుపులో నుంచుకొనుట, ఎదుటివాని మనసెరిగి మెలగుట అను నేర్పును 1990లో సాలొవే, మేయర్ అను అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞులు ‘ఇమోషనల్ ఇంటెలిజెన్స్’ అని నిర్వచించినారు. 1995లో డేనియల్ గోల్‌మన్ గ్రంథముతో ఆ మాట లోకమంతట ప్రాకినది. భావోద్వేగ ప్రజ్ఞ అని మనము చెప్పుకొనవచ్చును.

2002లో నళినీ అంబాడీ అను భారత సంతతి శాస్త్రజ్ఞురాలు, ఆమె సహచరులు ఒక పరిశోధన ప్రకటించినారు. శస్త్రవైద్యులు రోగులతో మాటలాడిన ధ్వనిముద్రణల నుండి పదేసి సెకనుల తునకలు తీసి, మాటలు తెలియకుండ స్వరము మాత్రమే వినబడునట్లు చేసి కొందరికి వినిపించినారు. అధికార ధోరణి పలికిన గొంతులు, రోగులు పూర్వము పరిహారపు దావాలు వేసిన వైద్యులవిగా ఎక్కువ తేలినవి. స్వరమే కారణమని దీనితో రుజువు కాదు. కాని పది సెకనులు! అదియు మాట అర్థము కాకనే!

మా అమ్మీజాన్‌కు హెర్నియా ఆపరేషన్ నిశ్చయమైన దినములలో యువవైద్యులు మంచము చుట్టు నిలిచి మాతో ఆంగ్లములో మాటలాడుచుండిరి. ఆమె నడుమ కల్పించుకొని, “బిందె మళ్ళీ ఎన్నాళ్ళకు ఎత్తవచ్చును, బేటా?” అని తన దక్కనీలో అడిగినది. ఒకరిద్దరు నవ్వినారు. పెద్ద డాక్టరుగారు నవ్వలేదు. స్టూలు లాగుకొని కూర్చుండి, కుళాయి ఎంత దూరము, ఇంట నీరు మోసేవారు మరెవరని వచ్చీరాని ఉర్దూలో విచారించినారు. ఆ మాటలలోనే ఆమె, మాకు సైతము చెప్పక దాచిన రాత్రిపూట దగ్గును బయటపెట్టినది. కేసు కాగితములో ‘దగ్గు లేదు’ అని అప్పటికే వ్రాసి ఉన్నది. దగ్గు ఉధృతమైనచో వేసిన కుట్లు నిలువవట. ముందు దానికి మందిచ్చి, ఆపరేషన్ మూడు వారములు వాయిదా వేసినారు.

అట్లని తీయని మాటలతో కడుపు కోయుట సాధ్యము కాదు. వెయ్యేండ్ల క్రిందట స్పెయినులోని కార్డోవా, మన ఉర్దూ పుస్తకముల కుర్తుబాలో అల్ జహ్రావీ 30 భాగముల ‘కితాబుత్తస్రీఫ్’ వ్రాసినాడు. శరీర నిర్మాణమెరుగని వైద్యుడొకడు మెడలోని నాళములు తెగగోసి ఒక స్త్రీ ప్రాణము తీసిన ఉదంతమును దాని చివరి భాగములో హెచ్చరికగా చెప్పినాడు. శిష్యులను బిడ్డలారా అని పిలుచుచునే చెప్పినాడు.

2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించిన శస్త్రచికిత్సా భద్రతా పట్టికలో, కత్తి పెట్టుటకు ముందు గదిలోని వారందరు తమ పేరు, పని చెప్పుకొనవలెనన్న నియమమున్నది. ఢిల్లీ సహా 8 నగరముల ఆసుపత్రులలో ఆ పట్టికను అమలుపరచి చూడగా, మరణములు నూటికి 1.5 నుండి 0.8కి తగ్గినట్లు 2009లో వెల్లడైనది. ఆ ఫలితమంతయు పేర్లు చెప్పుకొన్నందుకే అనలేము. పట్టికలో మరెన్నో అంశములు కలవు. కాని తన పేరెరిగి పిలిచే సర్జనుతో నర్సు “డాక్టరుగారూ, గాజుగుడ్డల లెక్క కుదరలేదు” అనగలదు. కోపిష్టి ముందు ఆ నోరు పెగలదు.

కమిటీ పెద్దలకు మా విన్నపమొకటి. పెద్దాసుపత్రి ఓ.పి. వరుసలో ఉర్దూ మాత్రమే వచ్చిన వృద్ధులు, తెలుగు మాత్రమే వచ్చిన పల్లెవారు ప్రక్కప్రక్కనే నిలబడి ఉందురు. రెండవ సంవత్సరపు బై.పి.సి. వారిని నెలకొక శనివారము అచ్చటికి పంపి, రోగి మాట వైద్యునికి, వైద్యుని మాట రోగికి చెప్పు పని అప్పగింపవలెను. మన పిల్లలకు రెండు భాషలును వచ్చును. మొదటి జట్టు వెంట మేమే వెళ్ళెదము.